కల్లమేడు బృహత్కాయుడు – ఒక సవరణ

నాలుగేండ్ల క్రిందటి మన ఉగాది సంచికలో పిల్లల పుటకు మేము ఒక చిన్న వ్యాసం వ్రాశాము. లోకంలో ఇంతవరకు దొరికిన మాంసాహార రాక్షసబల్లులలోకెల్లా పెద్దది మనం కాపురముంటున్న ఈ తమిళనాటిదేననీ, దాని ముందు అమెరికావారి టిరనోసారస్ మేకపిల్ల వంటిదనీ కొంత ఉత్సాహంతోనే వ్రాశాము. దానికి పేరు పెట్టిన ఇద్దరు శాస్త్రజ్ఞులలో ఒకరు యాదగిరిగారు. ఆ పేరు చూడగానే మనవాడని పొంగిపోయి, ఆ మాట రెండుసార్లు వ్రాసినట్లు కూడా గుర్తు.

పోయిన దసరా సెలవులలో, భూగర్భశాస్త్రం చదువుకుంటున్న మన సభ్యుల అమ్మాయి ఒకతె మా యింటికి వచ్చింది. పాత సంచికలు తిరగవేస్తూ ఆ పుట దగ్గర ఆగి, "బాబాయిగారూ, ఇది మాంసం తినే జంతువు కాదండీ, ఆకులు మేసేది. పైగా ఆ ఎముకలు ఇప్పుడు లేవు కూడాను," అన్నది. మేము ముందు నమ్మలేదు. తరువాత నాలుగు నెలలపాటు దొరికినవన్నీ చదివి చూస్తే ఆ అమ్మాయి చెప్పినదే నిజమని తేలింది. తప్పు అచ్చులో పడ్డది గనుక దిద్దుబాటు కూడా అచ్చులోనే పడాలని ఈ వ్యాసం. ఆ పాత సంచిక ఇంట ఉన్నవారు ఆ పుట అంచున ఒక గీత గీసుకొనవలసిందిగా మనవి.

కథలోకి పోయే ముందు పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. హోసూరు చంద్రచూడేశ్వరుని కొండలోగాని, కృష్ణగిరి దుర్గం కొండలోగాని, రాయకోట బండలలోగాని రాక్షసబల్లుల ఎముకలు దొరకవా? దొరకవు. వెదకడం కూడా దండుగ. ఈ కొండలు చాలా ముసలివి. మన చుట్టూ ఉన్న గ్రానైటు, నైస్ రాళ్ళలో చాలా భాగం సుమారు 250 కోట్ల యేండ్ల నాటివి. రాక్షసబల్లులు భూమిమీద తిరిగినది సుమారు 23 కోట్ల యేండ్ల క్రిందటి నుండి 6.6 కోట్ల యేండ్ల క్రిందటి వరకు. అంటే ఈ బండలు పుట్టేనాటికి లోకంలో ఎముక అనే వస్తువే లేదు. కంటికి ఆనని సూక్ష్మజీవులు మాత్రమే ఉండేవి. అంతేగాక ఈ రాళ్ళు భూమి లోపల మైళ్ళ లోతున వేడికీ ఒత్తిడికీ ఉడికినవి. మన ఊళ్ళ నుండి లారీలకెక్కి రేవులకు పోయే నున్నని గ్రానైటు దిమ్మలను ఎంత కోసినా ఒక్క గవ్వయినా కనపడకపోవడానికి కారణం ఇదే.

రాక్షసబల్లులు ఈ ప్రాంతంలో తిరగలేదని కాదు; తిరిగే ఉంటాయి. అయితే చచ్చిన జంతువు ఎముక రాయిగా మారాలంటే వెంటనే ఏ నది ఒండ్రులోనో, సముద్రపు బురదలోనో కప్పబడిపోవాలి. ఎత్తున ఉన్న మన పీఠభూమి ఒండ్రు కప్పుకొనే చోటు కాదు, అరిగిపోయి తన మట్టిని పల్లానికి పంపే చోటు. హోసూరు ప్రక్కనుండి కృష్ణగిరి ఆనకట్టకు పోయే దక్షిణ పినాకిని ఈనాటికీ చేస్తున్న పని అదే. కనుక ఎముకలు చూడదలచినవారు సేలం దాటి, కొల్లిడానికి ఉత్తరాన, అరియలూరు వైపు పల్లానికి దిగాలి.

అరియలూరు ఈనాడు సిమెంటు కార్ఖానాల ఊరు. ఆ సిమెంటుకు కావలసిన సున్నపురాయి అక్కడ ఎట్లా వచ్చినదంటే, ఒకప్పుడు అక్కడిదాకా సముద్రముండేది. దాదాపు పది కోట్ల యేండ్ల క్రిందటి మొదలు సముద్రం ఆ పల్లంలోకి వచ్చుతూ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా గవ్వలు, శంఖాలు, చక్రాలవలె చుట్టుకొన్న అమ్మొనైటులు పొరలు పొరలుగా పేరుకొన్నవి. చివరికి సముద్రం వెనుకకు తగ్గినప్పుడు నదులు దాని మీద ఇసుకను, బంకమన్నును పరచినవి. ఆ పై పొరకే కల్లమేడు అనే పల్లె పేరు పెట్టారు. రాక్షసబల్లుల యుగానికి అది కట్టకడపటి అధ్యాయం. సుమారు ఏడు కోట్ల యేండ్ల నాటిది.

ఆ ప్రాంతపు రాళ్ళను మొదట శ్రద్ధగా పరిశీలించి వ్రాసినవాడు హెన్రీ బ్లాన్‌ఫర్డ్. భారత ప్రభుత్వపు భూగర్భ పరిశోధన శాఖ, అనగా జియలాజికల్ సర్వే, అప్పటికి ఇంకా పసిది. 1862 నాటి ఆయన గ్రంథంలో తిరుచిరాపల్లి, దక్షిణార్కాటు జిల్లాల పొరల వివరమంతా ఉన్నది. అక్కడ దొరికిన ఒక పన్నును 1879లో రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి, అది మెగలోసారస్ జాతి మాంసాహారిదని వ్రాశాడు. ఆ కాలంలో ఏ మాంసాహార రాక్షసబల్లి పన్ను దొరికినా మెగలోసారస్ అనేవారు. 1824లో ఇంగ్లండులో బక్లండ్ అనే ఆచార్యుడు మొట్టమొదట పేరు పెట్టిన రాక్షసబల్లి అదే కావడంతో, తెలిసిన చుట్టం పేరుతోనే ఊరందరినీ పిలిచినట్లయినది.

ఒక్క పన్ను చూసి ఇది మాంసం తినేదని ఎట్లా చెప్పారని ఎవరైనా అడగవచ్చు. మన పల్లెల్లో కోతకు వాడే కక్కు కొడవలిని తలచుకోండి. వంపు తిరిగిన పలుచని అలుగు, దాని అంచున సన్నని పండ్లు. సరిగ్గా అదే రూపం. మాంసం తినే రాక్షసబల్లి పన్ను ప్రక్కలకు నొక్కినట్లు పలుచగా, నోటి లోపలికి వంగి, అంచులలో రంపపు కక్కులతో ఉంటుంది. ఆకు మేసే పెద్ద జంతువుల పండ్లు గరిటెవలెనో, పెన్సిలువలెనో ఉంటాయి. ఒకటి కోయడానికి, రెండవది దువ్వి రాల్చుకొనడానికి. ఈ మాంసాహారులున్న వర్గానికి థెరోపాడ్లని పేరు, అంటే మృగపాదులని అర్థం. రెండు కాళ్ళమీద నడిచేవి, ఎముకలు లోపల గుల్లగా ఉండేవి, భూమికి ఆనేవి మూడు వ్రేళ్ళు. సంక్రాంతి పందెపు కోడి కాలు చూస్తే ఆ పాదం ఎట్లాంటిదో తెలుస్తుంది. ఆ పోలిక కాకతాళీయం కాదు: పక్షులు ఈ వర్గంలోని చిన్న జంతువుల సంతతే. రెక్కకు మునుపే ఈకలున్న చిన్న థెరోపాడ్ల శిలాజాలు 1996 నుండి చైనాలో బయటపడుతూ వచ్చిన తరువాత ఈ విషయంలో తగవు దాదాపు తీరిపోయింది.

మళ్ళీ కల్లమేడుకు వద్దాం. 1929లో మాట్లీ అనే ఆంగ్లేయుడు ఆ పల్లె పరిసరాల్లో దొరికిన రాక్షసబల్లుల ఎముకలను గురించి ప్రకటించాడు. తరువాత చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి, కె. అయ్యసామి అనే ఇద్దరు ఆ పొరలమీద దృష్టి పెట్టారు. 1979లో వారు అరియలూరు ప్రాంతపు పొరల నుండి ద్రావిడోసారస్ అనే జంతువును ప్రకటించి, బ్లాన్‌ఫర్డ్ పేరు దానికి తగిలించారు. 1987లో కల్లమేడు నుండి మరొకటి ప్రకటించి, దానికి మాట్లీ పేరు కలిపి బృహత్కాయోసారస్ మాట్లీ అన్నారు. బృహత్ కాయం, పెద్ద శరీరం. పేరు మన నోటికి హాయిగా ఉన్నది. తమకంటె ముందు ఆ ఎండలో తిరిగిన దొరల పేర్లను, తమ ప్రత్యర్థుల పేర్లన్నట్లు కాక, పూర్వుల పేర్లుగా నిలబెట్టడం కూడా మాకు ముచ్చటగా తోచింది.

దొరికినవి కటి ఎముకలు, తొడ ఎముకలో ఒక భాగం, మోకాలి క్రిందిదైన జంఘాస్థి, ముందు కాలి ఎముక ఒకటి, తోక పూస ఒకటి. వీటిని చూసి వారు ఆ జంతువును అల్లోసారస్ వంటి పెద్ద మాంసాహారుల వర్గంలో చేర్చారు. జంఘాస్థి పొడవు రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. మేము నాలుగేండ్ల క్రిందట పొంగిపోయినది ఈ అంకె చూసే.

ఆ అంకెను చూసి పొంగిపోవడం కాక, కాస్త లెక్క వేసి ఉండవలసింది. నలభై అడుగుల టిరనోసారస్ జంఘాస్థి నాలుగు అడుగులు కూడా నిండదు. ఆ పాళ్ళలో ఆరున్నర అడుగుల జంఘాస్థి గల మాంసాహారి పొడవు దాదాపు డెబ్బై అడుగులు కావాలి. పొడవు ఇట్లా ముప్పాతిక వంతు పెరిగితే ఎత్తూ వెడల్పూ కూడా అంతే పెరుగుతాయి గనుక బరువు అయిదింతలవుతుంది. ఏడెనిమిది టన్నుల జంతువు నలభై టన్నులవుతుంది. ఆ బరువును రెండే రెండు కాళ్ళమీద మోస్తూ వేటాడడం అయ్యే పని కాదు. అంత పొడుగు కాలి ఎముకలు నాలుగు కాళ్ళమీద నడిచే, పొడుగాటి మెడ గల, ఆకు మేసే సారోపాడ్లలోనే కనిపిస్తాయి. అర్జెంటీనాలో దొరికిన మహాకాయుడు అర్జెంటీనోసారస్ జంఘాస్థి కూడా అయిదడుగులకు కాస్త పైన మాత్రమే.

ఈ అనుమానాన్ని అచ్చులో పెట్టినవాడు శంకర్ ఛటర్జీ. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో పనిచేసి తరువాత అమెరికాలో టెక్సాసుకు వెళ్ళిన ఆచార్యుడాయన. 1995లో ఆయన ఇది సారోపాడ్ కావలెనన్నాడు. తరువాత వచ్చినవారు కూడా దీనిలో మాంసాహారికి ఉండవలసిన లక్షణమేదీ కానరాదని ఒప్పుకొన్నారు. ఇంకొందరు మరీ ముందుకు పోయి ఇవి ఎముకలే కావు, రాతిగా మారిన చెట్టు మొద్దులేమో అన్నారు. ఆ మాట వినడానికి ఎగతాళిగా ఉన్నా, ఆ ప్రాంతం ఎరిగినవారికి నవ్వు రాదు. పెరంబలూరు దగ్గర సాత్తనూరులో రాయిగా మారిన చెట్టు మాను ఒకటి సుమారు అరవై అడుగుల పొడవున పడి ఉన్నది, 1940లో ఎం. ఎస్. కృష్ణన్ దానిని గుర్తించాడు. మొద్దుకూ ఎముకకూ తేడా లోపలి అల్లికలో తెలుస్తుంది. సన్నగా కోసి భూతద్దం క్రింద పెడితే తెలుస్తుంది. ముక్క చేతిలో ఉండాలి గదా!

ముక్క లేదు. ఇక్కడే ఈ కథలోని అసలు దుఃఖమున్నది. కల్లమేడు పొరలలోని ఎముకలు గట్టిపడని మట్టిలో ఉంటాయి. బంకమన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుస్తుంది. ఎముక నెర్రెలు పడి పిండి అవుతుంది. త్రవ్వి తీసిన వెంటనే జిగురు పట్టించి, గోనెపీచు, ప్లాస్టరు చుట్టి, ఒక పద్ధతిగా కాపాడితే తప్ప నిలవదు. బృహత్కాయుని ఎముకలు నిలవలేదు. అవి చితికిపోయి ఇప్పుడు లేవని, వాటికి పేరు పెట్టిన అయ్యసామిగారే గాల్టన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి 2017లో వ్రాశారు. 2022లో పాల్ అనే యువకునితో కలిసి అయ్యసామిగారు పాత ఫొటోలను బయటకు తెచ్చి, అవి ఎముకలేనని, సారోపాడ్‌వేనని చూపారు. చెట్టు మొద్దు వాదం దానితో చాలావరకు తగ్గింది. 2023లో మరి ఇద్దరు పాత కొలతలు పట్టుకొని ఆ జంతువు బరువు 110 నుండి 130 టన్నులుండవచ్చునని లెక్కకట్టారు. అదే నిజమైతే భూమిమీద నడిచిన జంతువులన్నిటిలోకి పెద్దది మనవైపుదే. అయితే ఫొటోను కొలిచి చెప్పిన బరువు ఫొటో బరువే. ఎముక లేకుండా ఎవరు అవునన్నా, ఎవరు కాదన్నా తీర్పు చెప్పేవాడు లేడు.

అయ్యసామిగారి విషయంలో ఒక్క మాట అనకుండా ఉండలేము. ముప్పై అయిదేండ్ల క్రిందట తామే మాంసాహారి అన్నదానిని, కాదు ఆకు మేసేదే అని తామే వ్రాయడం, తాము వెలికితెచ్చినది నిలవలేదని తామే చెప్పడం సులువైన పని కాదు. మా పాటి చిన్న వ్యాసానికి సవరణ వ్రాయడానికే మేము నాలుగు నెలలు తటపటాయించాము.

ఇట్లాగే పోయిందనుకొన్నది ఒకటి మళ్ళీ దొరికిన సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో మొదట రాక్షసబల్లి ఎముకలను ఏరినవాడు థగ్గులను పట్టుకొన్న స్లీమన్. 1828లో జబల్‌పూరు దగ్గర కొండలో ఏరాడు. 1877లో లిడెక్కర్ వాటికి టిటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ఆ తోక పూస తరువాత ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియకుండా పోయింది. 2012లో కలకత్తా జియలాజికల్ సర్వే భాండాగారంలోనే, బీరువాల మధ్య, ధనంజయ్ మొహబే ప్రభృతులు దానిని కనుగొన్నారు. జబల్‌పూరు రాయి గట్టిది కాబట్టి ఎముక అంతకాలం మరుపులో పడి ఉన్నా చెడలేదు. కల్లమేడు ఎముకకు ఆ అదృష్టం లేదు.

అయితే మన దేశంలో పెద్ద మాంసాహార రాక్షసబల్లులు లేనట్లేనా? ఉన్నవి. కాని వాటి ఊరు అదే జబల్‌పూరు, ఇంకా పడమర నర్మదా తీరం. అక్కడి లమేటా పొరలలో మాట్లీయే మళ్ళీ కనిపిస్తాడు. 1922లో బార్నమ్ బ్రౌన్ కూడా ఆ కొండకు వచ్చి ఎముకలు తీసుకుపోయాడు. 1902లో అమెరికాలో టిరనోసారస్‌ను త్రవ్వి తీసినవాడే ఈ బ్రౌన్. 1933లో జర్మనీ వాడైన ఫాన్ హ్యూనే, మాట్లీ కలిసి ఇండోసూకస్, ఇండోసారస్ అని పేర్లు పెట్టారు. ఇండోసూకస్ టిరనోసారస్ కుటుంబం లోనిదని తలచిన రోజులు కూడా ఉన్నవి. పుర్రె ముక్కలు తప్ప మరేమీ చేతిలో లేనప్పుడు పెద్ద పేరున్నవారితో బంధుత్వం కలపడం శాస్త్రజ్ఞులకు కూడా తప్పలేదు.

అసలు బంధువులు ఎవరో చెప్పినది అర్జెంటీనా. 1985లో అక్కడ బోనపార్తె అనే శాస్త్రజ్ఞుడు కొమ్ముల పుర్రె గల కార్నోటారస్‌ను, తన శిష్యుడు నోవాస్‌తో కలిసి అబెలిసారస్‌ను ప్రకటించాడు. పొట్టిగా, లోతుగా ఉన్న తల, గరుకైన మొగం, చేతులు మరీ చిన్నవి. ఈ అబెలిసార్లను చూసిన తరువాత మన జబల్‌పూరు ముక్కలు ఎవరి ఇంటివో తెలిసింది. 1982–84లో గుజరాతులో బాలసినోరు దగ్గర రహియోలి గ్రామంలో జియలాజికల్ సర్వేకు చెందిన సురేశ్ శ్రీవాస్తవ త్రవ్వి తీసిన ఎముకలు కొన్నేండ్లు అట్లాగే ఉండి, 2003లో రాజాసారస్ నర్మదెన్సిస్‌గా లోకానికి తెలిసినవి. నుదుటి మీద ఒక పొట్టి కొమ్ము, పొడవు ఇరవై అడుగులకు పైమాట. బృహత్కాయుని ముందు ఇది చిన్నదే. కాని దీని ఎముకలున్నవి, ఎవరైనా పోయి కొలుచుకోవచ్చు. 2010లో అదే చోటి నుండి రహియోలిసారస్ అనే మరో మాంసాహారి కూడా చేరింది. రహియోలిలో 2019లో ప్రదర్శనశాల తెరిచారు.

దీనికి దగ్గరి చుట్టం సముద్రానికి ఆవల మడగాస్కరులో ఉన్నది, మజుంగసారస్ అని. భారతదేశం, మడగాస్కరు, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే ఖండం. ఆ పేరు మన గోండుల నేల నుండి వచ్చినదే. మడగాస్కరు నుండి మనం విడిపోయినది సుమారు 8.8 కోట్ల యేండ్ల క్రిందట. ఉమ్మడి కుటుంబం వేరుపడ్డ తరువాత ఏ ఇంటి వంశం ఆ ఇంట పెరిగినట్లు, ఉత్తర ఖండాలలో టిరనోసార్లు, దక్షిణ ఖండాలలో అబెలిసార్లు పెద్దరికం వహించినవి. చిత్రమేమంటే రెండు వంశాలలోనూ తల పెరిగింది, చేతులు కురచయినవి. ఒకదానిని చూసి మరొకటి నేర్చుకొన్నది కాదు. నోటితోనే పట్టి చంపే జంతువుకు చేతుల పని తగ్గుతూ వచ్చి ఉంటుంది. ఈ వంశం వారికి పొరుగువారి మీదే కాదు, తమవారి మీద కూడా దయ లేదు: మజుంగసారస్ ఎముకల మీద మజుంగసారస్ పంటి గాట్లే ఉన్నట్లు 2003లో తేలింది.

ఈ వంశాల తొలి తాతలను చూడాలంటే మాత్రం మన గోదావరికే రావాలి. ఆదిలాబాదు సీమలో, ప్రాణహిత గోదావరిలో కలిసే లోయలో, మూడు యుగాల పొరలు మెట్లు మెట్లుగా ఉన్నవి. క్రింది మెట్లలో మలేరి పొరలు, సుమారు 22 కోట్ల యేండ్లవి. 1987లో ఛటర్జీ అక్కడి నుండి ఒక మూరెడు, రెండు మూరల జంతువును ప్రకటించాడు. ఇప్పుడు దానిని అల్వాకెరియా మలేరియెన్సిస్ అంటారు. 2025లో అదే పొరల నుండి మలేరిరాప్టర్ కుట్టీ అనే మాంసాహారి ప్రకటితమైంది. ఆ ఎముకలను చాలా ఏండ్ల క్రిందట కనుగొన్న టి. ఎస్. కుట్టీగారి గౌరవార్థం ఆ పేరు. ఇది హెరెరాసార్ల కుటుంబానిది, లోకంలోని తొలి వేటగాళ్ళలో చేరినది. అది థెరోపాడ్ల వరుసలోనిదా, ప్రక్క కొమ్మా అని ఇంకా వాదమున్నది. ఏమైనా మనిషి కంటె మరీ పెద్దది కాని అట్లాంటి వేటగాళ్ళతో మొదలైన కథ, పదిహేను కోట్ల యేండ్లలో నలభై అడుగుల జంతువులదాకా పోయింది.

పై మెట్టు కోట పొరలు. అక్కడ 1958–61లో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటు వారు త్రవ్విన బారాపాసారస్, తరువాత యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వారు త్రవ్విన కోటసారస్ ప్రసిద్ధాలు. రెండూ ఆకు మేసేవే. కోటసారస్‌కు పేరు పెట్టినది మన యాదగిరిగారే, 1988లో. ఆ పొరలలోనే దొరికిన ఒక్క కటి ఎముక ముక్కను ఆధారం చేసుకొని 1982లో ఆయన దండకోసారస్ అనే మాంసాహారిని కూడా ప్రకటించారు. దండకారణ్యపు బల్లి! ఒక్క ఎముకతో జాతిని నిర్ణయించలేమని తరువాతివారు దానిని సందేహపు పట్టికలో వేశారు. అయితే మాంసాహారిదనే విషయంలో మాత్రం అంత పేచీ లేదు. మేము పాత వ్యాసంలో వ్రాయవలసినది ఈ దండకుని గురించి. పేరు బృహత్తు కాదు గనుక ఆనాడు మా కంటికి ఆనలేదు.

ఈ వేటగాళ్ళ కాలం ముగిసేటప్పటికి దక్కను పీఠభూమి మీద లావా పారుతున్నది. 6.6 కోట్ల యేండ్ల క్రిందటి ఆ నల్లరాయి రాజమహేంద్రవరం ప్రక్క కాతేరు గనులలో కూడా ఉన్నది. అదే కాలాన మెక్సికో తీరాన ఒక గ్రహశకలం పడ్డది. పక్షులు తప్ప ఆ వంశంలో ఎవరూ మిగలలేదు.

కల్లమేడు మాత్రం ఖాళీ కాలేదు. 2013లో గోస్వామి, జి. వి. ఆర్. ప్రసాద్ ప్రభృతులు అక్కడి మట్టిని జల్లించి తీసిన ఒక చిన్న పన్నును ప్రకటించారు. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. కక్కులున్నవి. ఇది ట్రూడాంటిడ్లనే చిన్న మాంసాహారుల పన్నని వారి నిర్ణయం. ఆ కుటుంబం అంతకు ముందు ఉత్తర ఖండాలలో మాత్రమే ఎరుక. గోండ్వానాలో విడిగా తేలుతూ వస్తున్న మన భూఖండానికి అది ఎట్లా వచ్చిందో ఇంకా వెదకుతున్నారు. కాబట్టి కల్లమేడులో మాంసాహార రాక్షసబల్లి ఉన్నదని మేము నాలుగేండ్ల క్రిందట వ్రాసిన మాటలో పూర్తిగా అబద్ధం లేదు. కొలతే కొంచెం తేడా వచ్చింది.

ఇక చూడదలచినవారికి. కోటసారస్ పూర్తి అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది. వేసవి సెలవులకు ఊరికి పోయేవారు పిల్లలను తీసుకుపోవచ్చు. అరియలూరు జిల్లాలో వారణవాసి దగ్గర శిలాజాల ప్రదర్శనశాల ఉన్నది. విళుపురం నుండి తిరుచ్చి పోయే దగ్గరి రైలు దారిలోనే అరియలూరు స్టేషను. ఉగాది తరువాత ఆ పల్లంలో ఎండలు భరించలేము. వానలు వెలిశాక కార్తీకమాసం దాటి పోవడం మేలు, కొత్తగా కోసిన గట్టులలో గవ్వలు బాగా కనపడతాయి. 2020లో పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు మట్టి తీస్తుంటే గుండ్రని రాళ్ళు బయటపడి, రాక్షసబల్లి గ్రుడ్లని ఫోనులలో ఊరంతా తిరిగినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి అవి అమ్మొనైటుల చుట్టూ గడ్డకట్టిన రాళ్ళన్నారు. మన పిల్లలకు అట్లాంటిదేదైనా కనపడితే ఫొటో తీసి, ప్రక్కన ఒక రూపాయి బిళ్ళ కొలతకు పెట్టి, చోటు వ్రాసుకొని, వస్తువును మాత్రం ఉన్నచోటనే ఉంచి రావాలి. ఫొటోను ఆ అమ్మాయికి పంపిస్తాము. ఈసారి ఆమె చూసి చెప్పిన తరువాతనే సంచికలో వేస్తాము.